పది పెద్దబాతు గుడ్లు

రావ్‌లుండా, మే 6, 1979

ప్రియమైన ఎల్నా అత్తా,

తుంటి ఎలా ఉంది? నర్సుల మీద అరుస్తున్నావని నాన్న చెప్పాడు, అంటే కోలుకుంటున్నావన్నమాట.

నీ పొయ్యి ముందు కూర్చుని, చువ్వ తిప్పుతూ దాని మీద పిండి ధారగా పోసి, ఆరు చువ్వకేకులు కాల్చాను. ఒక్కటీ విరగలేదు. కానీ నిన్న బెర్టా కేకు చేయించుకోవడానికి వచ్చింది. గుడ్లూ పంచదారా చేయించుకునేవాళ్లే తెచ్చుకుంటారు, మనం గుడ్డుకి రెండు క్రోనార్లు తీసుకుంటాం, అదేగా నీ పద్ధతి. ఆవిడ బుట్టలో పదే గుడ్లు. పెద్దబాతు గుడ్లు. ఒక్కోటి మూడు కోడిగుడ్ల పెట్టు. "పదే కదమ్మా, లెక్కపెట్టుకో" అంది. నాలుగు గంటలు తిప్పి ఇరవై క్రోనార్లు తీసుకున్నాను.

అత్తా, నాకీ పని నచ్చింది. లుండ్‌లో చదివిన మూడేళ్లలోనూ ఇంత కుదురుగా ఎక్కడా కూర్చోలేదు. దీంతో బతకలేకపోతే మాత్రం ఆగస్టులో మాల్మో వెళ్లి బీమా ఆఫీసులో చేరాల్సిందే. ఇకమీదట గంటకి నలభై అడగనా?

నీ షెర్స్టిన్


మే 10

షెర్స్టిన్ తల్లీ,

వద్దు. గుడ్లు మావి, పంచదార మాది, ఇక నీదేముంది అంటారు. పొయ్యి ముందు కూర్చోవడాన్ని ఆ ఊళ్లో ఎవరూ పని అనుకోరు. బెర్టా వాళ్లమ్మ మా అమ్మ దగ్గర చేయించుకునేది. అలాంటి మనిషిని అంత ధర ఎలా అడుగుతావు? బీమా ఆఫీసు మంచిదే. కుర్చీకి మెత్త ఉంటుంది.

ఆశీస్సులతో, ఎల్నా అత్త


మే 27

ప్రియమైన అత్తా,

నీ మాట వినలేదు, తిట్టుకో. సరుకులు ఎవరివైనా గంటకి నలభై అని తలుపు మీద రాసిపెట్టాను. పది రోజులు పురుగు కూడా రాలేదు. బీమా ఆఫీసు ఫారం నింపేశాను. అప్పుడొచ్చింది బెర్టా, కూతురి పెళ్లికి, ముప్పై కోడిగుడ్లతో. నాలుగు గంటల పని, నూట అరవై అన్నాను.

"నూట అరవయ్యా? నిప్పు కూడా మా ఇంటినుంచే తెచ్చుకోమంటావా?"

"చెయ్యి తెచ్చుకోండి చాలు. మీరే తిప్పితే పిండి కలిపినందుకు మాత్రం తీసుకుంటాను."

పంతానికి కూర్చుంది. ముప్పావు గంటకి ఒకవైపు చెంప బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. గంటకి చెయ్యి మార్చింది.

"ఇంకెంతసేపే?"

"మూడు గంటలు."

లేచి నూట అరవై బల్లమీద పెట్టింది. "ఎల్నా దీన్ని ఎన్నేళ్లు తిప్పింది?" అని అడిగింది. నలభై అన్నాను.  ఆ చెంప ఊరంతా చూపించినట్టుంది. శనివారం ముగ్గురొచ్చారు, ఒక్కరూ బేరమాడలేదు.

మాట వినని నీ షెర్స్టిన్


జూన్ 1

షెర్స్టిన్ తల్లీ,

నీకో సంగతి దాచాను. ఆసుపత్రికి రాకముందే ఆ చువ్వని ఊరి మ్యూజియానికి ఇస్తానని మాటిచ్చాను. ఈ పని ఎవరి కడుపూ నింపదు, నీకు అంటగట్టకూడదు అనుకున్నాను. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా నేను నోరు తెరిచి తగిన కూలి అడగలేదు, తప్పంతా పనిదే అనుకున్నాను. మ్యూజియం వాళ్లకి ఇవ్వనని రాసేశాను. అలుగుతారు. అలగనీ.

పదహారో తేదీకి నాకు అరవై ఐదు. ఆ వేళకి ఇంటికొస్తాను. ఇరవై గుడ్ల కేకు కావాలి, నర్సు చేత గుడ్లు కొనిపించి బస్సులో పంపిస్తున్నాను. ఎంతవుతుందో రాయి. చుట్టరికం చూపించి తగ్గించావంటే ముట్టను.

ఎల్నా అత్త


జూన్ 5

ప్రియమైన అత్తా,

గుడ్లు అందాయి. రెండు పగిలాయి, వాటిని వేయించుకు తిన్నాను. పద్దెనిమిదైనా తిప్పడం మూడు గంటలే. నూట ఇరవై క్రోనార్లు. మాల్మో వాళ్లకి రానని నిన్ననే రాసేశాను, కాబట్టి బేరమాడకు, నాకు డబ్బు కావాలి.

నీ షెర్స్టిన్