పేర్ల కింద ఎర్రగీత

కంప్యూటర్ విభాగం అధికారి గారి సముఖమునకు, రాయదుర్గం వైపు ఒక మండల కార్యాలయంలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేయు ఆపరేటర్ వీరేష్ భయభక్తులతో పెట్టుకొను అర్జీ. 2007.

విషయం: ఇంటర్నెట్ ఫారాలకు కొత్తగా పెట్టిన స్పెల్లింగ్ చెక్ వలన కలిగిన ప్రాణభయం, దానిని తొలగించుట గురించి.

అయ్యా,

1. తమ ఉత్తర్వు ప్రకారం సోమవారం మా బ్రౌజర్‌కు స్పెల్లింగ్ చెక్ అమర్చబడినది. ఫారంలో ఇంగ్లీషు తప్పు పడితే కింద ఎర్రగీత వచ్చును. మంచిదే. కాని మన పేర్లేవీ దానికి తెలియవు. తిప్పేష్, గురప్ప, ఎవరి పేరు టైపు చేసినా ఎర్రగీతే.

2. మా వైపు రేషన్ డీలరు చనిపోయినవారి పేరు కింద ఎర్రసిరాతో గీత గీయుట వాడుక. బుధవారం పింఛను కోసం కణేకల్ నుంచి వచ్చిన భద్రమ్మ అను వృద్ధురాలు "నా పేరు యాడుండాదప్పా?" అంటే నేనే తెర మీద వేలు పెట్టి చూపించితిని. నా ఖర్మ. "ఏమప్పా, నేను ఈడ నిలబడి మాట్లాడతాంటే నన్ను సంపేసినారా? మొన్న మా ఆయనకు గీసినారు, ఇప్పుడు నాకా?" అని గుమ్మంలో కూలబడినది. అప్పటినుంచి రోజూ వచ్చి అక్కడే కూర్చుంటున్నది, మెతుకు ముట్టలేదు. చచ్చినోళ్లకు కూడెందుకు అంటున్నది.

3. అది ఇంగ్లీషు గీత అని ఎంత మొత్తుకున్నా వినదు. "ముసల్దానికి ఏమన్నా అయితే నిన్ను ఊరకే ఇడిసేది లేదు" అని ఆమె మనుషులు చెప్పి పోయినారు. నాకు నిద్ర లేదు, తిన్నది ఒంటబట్టడం లేదు. గీత తీసేద్దామంటే పాస్‌వర్డు తమ వద్దనే ఉన్నది. ఫోన్ చేస్తే రాతపూర్వకంగా పంపమన్నారు.

కావున ఆ గీతను వెంటనే తీయించవలెనని, లేనిచో తమరే వచ్చి ఆమె బతికే ఉన్నదని ఆమెకు చెప్పవలెనని వేడుకుంటున్నాను. తమరు చిత్తగించవలెను, అదీ ఆమె ప్రాణం ఉండగానే.

తమ విధేయుడు,
వీరేష్

తా.క.: సార్, కవరు అంటించబోతూ ఒక ఉపాయం తట్టి, నా పేరే టైపు చేసి ఆమెకు చూపించినాను. "చూడవ్వా, నాకూ గీత పడింది. నేను బాగానే ఉండాను కదా?" అన్నాను. ఆమె తెరను చూసింది, నన్ను చూసింది. "అయ్యో నాయనా, నిన్నూ కొట్టేసినారా!" అని ఏడ్చింది. చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుని, కోడలు తెచ్చిన రాగిముద్ద సగం నాకు పెట్టి, సగం తాను తినింది.

ఆమెకు ఇంక భయం లేదు సార్. నాకే పట్టుకుంది. గీత నా పేరు కిందా పడింది కదా, నా ఉద్యోగం ఉండాదా, పోయిందా? ఆ ఒక్క మాట ముందు చెప్పండి.