రంగు దిగే గుడ్డలు

ఫిబ్రవరి 22, శుక్రవారం

సెలవు. పారుల్‌కి ఈసారి నెలసరి గుడ్డలు ఇచ్చాను. నా చెల్లెలే, మా బట్టల ఫ్యాక్టరీలోనే కుట్టు మెషిన్ మీద కూర్చుంటుంది. కాపురం నా పక్క గదిలోనే. గుడ్డలు మాత్రం ఎప్పుడూ నేనే తెస్తాను. QCని కదా, కుట్టిన బట్టలు తనిఖీ చేసేదాన్ని, గేటు దగ్గర నా సంచి ఎవరూ వెతకరు. కటింగ్ సెక్షన్‌లో నేల మీద పడిన ముక్కల్లోంచి నలుపు, ముదురెరుపు ఏరుకుంటాను. మరక కనబడదని.

"బూబూ, ఇవి పెట్టుకుంటే మంట పుడుతోందే" అంది. దురద కూడానట. ఉతికితే నీళ్లన్నీ ఎర్రగా అవుతున్నాయట.

"కొత్తలో ఏ బట్టయినా అంతే. పదేళ్లుగా నేను వాడట్లా?" అన్నాను. నవ్వాను కూడా.

మార్చి 1, శుక్రవారం

పారుల్ గదిలోకి వెళితే ముక్కిన వాసన. మంచం కింద తాడు కట్టి గుడ్డలు ఆరేసింది. అలా ఆరేయమని నేర్పింది నేనే. డాబా మీద మగవాళ్లు తిరుగుతారు.

పెళ్లయి రెండేళ్లు. కడుపు పండలేదని బెంగ. మా ఫ్యాక్టరీలో కుట్టేది విదేశాల పసిపిల్లల బట్టలే. ఒక్కో గౌను కుట్టేటప్పుడు ఇది నా కూతురికి సరిపోతుందా అని చూసుకుంటుందట. కొడుకు కాదా అన్నాను. ముందు కూతురేనట.

మార్చి 9, శనివారం

జ్వరం. పొత్తికడుపులో నొప్పి. వంగలేకపోతోంది. మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చాను. ఎక్కడ నొప్పి అని షాపతను అడిగితే "కడుపు" అని ఊరుకున్నాను. తోఫాజ్జల్‌కి చెప్పొద్దని పారుల్‌తో అన్నాను. మొగుడికి చెప్పే సంగతా ఇది?

మార్చి 11

పారుల్‌కి లైన్ చీఫ్ సెలవు ఇవ్వలేదు. షిప్‌మెంట్ ఉందట.

మార్చి 13, బుధవారం

పదకొండింటికి మెషిన్ మీదే వాలిపోయింది. తోఫాజ్జల్ బ్యాటరీ రిక్షా నడుపుతాడు. కబురందగానే వచ్చాడు. వెనక సీట్లో దాని తల నా ఒళ్లో. ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రి దాకా అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

మార్చి 14, మధ్యాహ్నం 2

కడుపులో చీము పట్టింది. ఆపరేషన్ చేశారు. బతికింది. అల్లా, బతికింది.

అదే రోజు, సాయంత్రం 5

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. నెలసరికి ఏం వాడుతుంది అని అడిగింది. పాత చీర అన్నాను. ఆవిడ నా గుర్తింపు కార్డు చూసింది. "ఫ్యాక్టరీ ముక్కలా?" అంది. తలూపాను.

మేం విదేశాలకి పంపే బట్టలన్నీ ఉతికి, ల్యాబ్‌లో పరీక్ష చేయించి, పసిపిల్లల చర్మానికి సురక్షితం అని లేబుల్ వేస్తారు. ఆ లేబుల్ సరిగా ఉందో లేదో చూసేది నేనే. నేల మీద పడిన ముక్కని ఎవరు ఉతికారు? ఎవరు పరీక్ష చేశారు?

ఆ గుడ్డల వల్లే అయిందా అని అడిగాను. "ఖచ్చితంగా చెప్పలేనమ్మా. వేరే కారణాలూ ఉంటాయి. కానీ ఆ రంగులు, ఆ తడి, ఎండ తగలకపోవడం... మంచివైతే కావు" అంది. గర్భాశయం పక్కనుండే రెండు ట్యూబులూ తీసేశారు. పిల్లలు ఇక పుట్టరట. సెంటు కలిపిన ప్యాడ్లు వద్దంది. రంగు లేని నూలు గుడ్డయినా చాలట. సబ్బుతో ఉతికి, ఎండలో బాగా ఎండబెట్టాలట.

ఎండ. అంతేనా?

ఖచ్చితంగా నీ వల్లే అన్నా బాగుండేది. కాదన్నా బాగుండేది.

మార్చి 18, సోమవారం

"ఆపా, పిల్లల సంగతి పారుల్‌కి మీరే చెప్పండి. నా నోటికి రావట్లేదు" అన్నాడు తోఫాజ్జల్.

మార్చి 19, మంగళవారం

చెప్పాను. పారుల్ పైకప్పు చూస్తూ అడిగింది, "నువ్వు తెచ్చినవేనా బూబూ?"

అయి ఉండొచ్చు అన్నాను.

"నేను చెప్పాను కదా, మంటగా ఉందని." అరవలేదు, ఏడవలేదు. గోడ వైపు తిరిగింది. బత్తాయి రసం ఇస్తే తాగలేదు. తోఫాజ్జల్ ఇస్తే తాగింది.

ఏప్రిల్ 5, శుక్రవారం

పొద్దున షాపులో ప్యాడ్లు అడిగాను. ఇంత వయసొచ్చి మొదటిసారి. "గులాబీ వాసనవి బాగా పోతున్నాయి ఆపా" అంటూ న్యూస్‌పేపర్లో చుట్టబోయాడు. వాసన లేనివి కావాలన్నాను. లేవన్నాడు.

తెల్ల నూలు బట్ట కొని మడతలు పెట్టి కుట్టాను. మరిగే నీళ్లలో వేసి ఉతికాను. నీళ్లు తెల్లగానే ఉన్నాయి. డాబా మీద, నడి ఎండలో, అందరి బట్టల మధ్య ఆరేశాను. మొత్తం పన్నెండు గుడ్డలు.

ఇంటి ఓనరమ్మ హాలిమా ఖాలా మెట్లెక్కి వచ్చింది. "ఏమే మర్జినా, సిగ్గు కూడా ఉతికి ఆరేశావా? మా ఆయన నమాజు నుంచి వచ్చే వేళ!"

"ఇన్నాళ్లూ సిగ్గుపడే మంచం కింద ఆరేశాం ఖాలా. పారుల్‌కి ఏమైందో చూశావుగా."

ఖాలా, వాటికి ఎండ తగలకుండా అడ్డుగా ఉన్న మొగుడి లుంగీని పక్కకి జరిపింది. దిగిపోయింది.

సాయంత్రం మడిచి పక్క గదికి తీసుకెళ్లి పారుల్ మంచం మీద పెట్టాను. ముట్టుకోలేదు.

ఏప్రిల్ 13, శనివారం

మా డాబా మీద చూసి, లైన్లో పనిచేసే ఇద్దరమ్మాయిలు అడిగారు, ఆ తెల్లవి ఎలా కుట్టాలని. భోజనం వేళ చూపించాను. కటింగ్ ముక్కలు ముట్టుకోవద్దని చెప్పాను. అన్నం అలాగే వదిలేశాను.

ఏప్రిల్ 26, శుక్రవారం

పారుల్ వాళ్లు ఇల్లు మారుతున్నారు. టోంగీలో వేరే ఫ్యాక్టరీ చూసుకుందట. నాకు తోఫాజ్జల్ చెప్పాడు.

దాని దగ్గరికి వెళ్లాను. గిన్నెలు సర్దుతోంది. "నీ మీద కోపం కాదు బూబూ. రోజూ నీ మొహం చూస్తే కడుపు గుర్తొస్తోంది. నాకు కొంచెం టైమివ్వు" అంది.

సరే అన్నాను.

రిక్షా సందు చివర మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. వాళ్ల గదిలోకి వెళ్లి చూశాను. మంచం మీద తెల్ల గుడ్డలు లేవు. తీసుకెళ్లింది.

మే 7

రంజాన్ మొదటి ఉపవాసం. ఒక్కదానికే వండుకోవడం చేతకావడం లేదు.

మే 21, మంగళవారం

పొద్దున నాకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఉండకూడదు, అందుకే ఇవాళ ఉపవాసం లేదు. మా ఇద్దరికీ ఎప్పుడూ ఒకే రోజుల్లో వచ్చేది.

ఫోన్ చేశాను. తోఫాజ్జల్ ఎత్తాడు. మగవాడిని ఏమని అడగను? ఉపవాసాలు ఎలా సాగుతున్నాయి అన్నాను.

"నేనున్నాను ఆపా. పారుల్ మాత్రం ఇవాళ ఉండలేదు" అన్నాడు. మళ్లీ తనే, "డాబా మీదుంది. బట్టలు ఆరేస్తోంది" అన్నాడు.