కెమెరా అమ్మనన్న కొట్టు

ఆర్.కె.పురం, న్యూఢిల్లీ
10 సెప్టెంబరు 2006

మహారాజశ్రీ సదాశివరావు గారి సముఖమునకు,

చుండూరు బసవపున్నయ్య నమస్కరించి రాయునది. నిన్న శనివారం పదకొండు గంటలకు ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని మీ ఫోటో కొట్టుకు భార్యాసమేతంగా వచ్చి, కోపంగా వెళ్ళిపోయిన మనిషిని నేనే. గళ్ళ చొక్కా.

మా అత్తగారు జానకమ్మ గారు కంటికి శుక్లం ఆపరేషన్ కోసం ఈ నెల పదిహేడున రేపల్లె నుంచి వస్తున్నారు. ఎనభై నాలుగేళ్ళ మనిషికి ఇంతవరకూ సరైన ఫోటో లేదు. ఫోటో అంటే ఆవిడకి పడదు. పెళ్ళిళ్ళ ఆల్బముల్లో వెతికితే ఆవిడ వీపు కనిపిస్తుంది, లేదా వంటింటి గుమ్మంలో కొంగు కనిపిస్తుంది. ఉన్నదల్లా రేషన్ కార్డు మీది బిళ్ళంత బొమ్మ. అది ఆవిడో, పక్కింటావిడో మా ఆవిడ అన్నపూర్ణేశ్వరి కూడా ఒట్టేసి చెప్పలేదు. ఈసారి నెల రోజులు మా ఇంట్లోనే ఉంటారు కాబట్టి, ఎలాగైనా ఒక మంచి ఫోటో తీయాలని, అందుకో మంచి డిజిటల్ కెమెరా కొనాలని నిశ్చయించాను.

మీ బోర్డు మీద హిందీ కింద తెలుగు అక్షరాలు చూసి, మనవాడు మోసం చేయడని లోపలికి వచ్చాను. అద్దాల బీరువాలో అన్నిటికంటే పెద్ద కెమెరాని ఎత్తి చూసి, ఇదిమ్మన్నాను. మీరు ఇవ్వలేదు. "ఎవర్ని తీస్తారండీ" అన్నారు. "మా అత్తగారిని" అన్నాను. "అయితే ఇది వద్దు లెండి" అని, సబ్బుపెట్టంత కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టారు.

ముప్పై నాలుగేళ్ళుగా సర్కారు ఉద్యోగం చేస్తున్నాను. కొంటానన్న వస్తువుని అమ్మనన్న వ్యాపారిని ఇప్పుడే చూశాను. మా అత్తగారు పెద్ద కెమెరాకి తగరనా, లేక నేను తగననా? లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. ఫోన్ చేయవద్దు. ఫోన్ మాటకి సాక్ష్యం ఉండదు.

ఇట్లు,
మీ సంజాయిషీ కోసం ఎదురుచూసే,
చుండూరు బసవపున్నయ్య, సెక్షన్ ఆఫీసరు

తా.క.: మీరు చూపించిన సబ్బుపెట్టె మా ఆవిడకి నచ్చింది. కాబట్టి అది కొనే ప్రశ్నే లేదు.


ఓల్డ్ రాజిందర్ నగర్
13 సెప్టెంబరు 2006

గౌరవనీయులైన బసవపున్నయ్య గారికి,

సదాశివరావు నమస్కారాలు. మీ మనసు నొప్పించినందుకు మన్నించండి.

ఆ పెద్ద కెమెరా ముప్పాతిక కిలో బరువు. పత్రికల వాళ్ళు, పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు కొంటారు. ఇంట్లో ట్యూబులైటు వెలుతురులో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి తీయడానికి చిన్నదే నయం. జేబులో పడుతుంది, ఎదుటివాళ్ళు బెదరరు. ధర తక్కువని చూపించలేదు, మీ పనికి అది సరిపోతుందని చూపించాను. ఏ కెమెరానైనా మనిషి చేతివాటాన్ని బట్టి ఎంచుకోవాలి. ఆ రోజు బల్ల దగ్గర మీ చేతివాటం స్వయంగా చూశాను. చూశాక అది మీకు అమ్మడానికి మనసొప్పలేదు.

మళ్ళీ ఒకసారి దయచేయండి.

మీ మేలు కోరే,
సదాశివరావు

తా.క.: మా దగ్గర బిల్లు లేకుండా ఏ వస్తువూ గుమ్మం దాటదు. గ్యారంటీ కార్డు మీద కొన్నవారి పేరు, చిరునామా, కెమెరా నంబరు రాసి ముద్ర వేసి ఇస్తాం.


ఆర్.కె.పురం
18 సెప్టెంబరు 2006

శ్రీ సదాశివరావుకు,

మీ ఉత్తరం ఆఫీసులో భోజనాల వేళ విప్పాను. చదివాక టిఫిన్ డబ్బా మూత మళ్ళీ పెట్టేశాను.

చేతివాటం. ముప్పై నాలుగేళ్ళలో ఆఫీసు పెన్ను ఒక్కటి ఇంటికి తెచ్చినవాణ్ణి కాను. సీటు మారినప్పుడల్లా గుండుసూదులతో సహా అప్పజెప్పి, రసీదు తీసుకున్నాను. అలాంటి నాకు చేతివాటం ఉందని, దాన్ని మీరు కళ్ళారా చూశారని, స్టాంపు అంటించి మరీ రాశారు. మీ బీరువాలో ఏం పోయిందో చెప్పండి. ఇప్పుడే తేలాలి. పైగా నా పేరూ చిరునామా కార్డు మీద రాసుకుంటారట. ఎందుకో అర్థమైంది.

మొన్న శనివారం మీ వీధిలోనే ఇంకో కొట్టుకు వెళ్ళాను. పేరు రాయను, మీరు పోటీకి పోతారు. ఆ యజమాని నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "ఆయియే సాబ్, బైఠియే" అని లస్సీ తెప్పించాడు. పెద్ద కెమెరా అడిగితే పెద్దదే ఇస్తానన్నాడు. బిల్లు వద్దంటే ధర తగ్గిస్తానన్నాడు, సంచీ ఉచితమన్నాడు. నా పేరడగలేదు, ఊరడగలేదు. నమ్మకమైన కొట్టంటే అలా ఉండాలి. మీ కొట్లో ఇంటర్వ్యూకి వచ్చినట్టుంటుంది.

ఇట్లు,
చేతులు శుభ్రంగా ఉన్న,
బసవపున్నయ్య

తా.క.: అత్తగారు నిన్న దిగారు. స్టేషన్లోనే "ఫోటోలంటే మళ్ళీ ఇదే రైలెక్కేస్తాను" అన్నారు. నేనిది రాస్తుంటే ఎవరికని అడిగారు. మా ఆవిడ మీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించింది. చేతివాటం దగ్గర ఇద్దరూ చాలాసేపు నవ్వారు. నేను నవ్వలేదు.


ఓల్డ్ రాజిందర్ నగర్
27 సెప్టెంబరు 2006

బసవపున్నయ్య గారికి,

నమస్కారం. జవాబు ఆలస్యమైంది. ఇక్కడ కోచింగ్ పిల్లలకి ఏవో దరఖాస్తుల గడువు ముంచుకొచ్చి, వారం రోజులుగా పాస్‌పోర్టు సైజు ఫోటోలతోనే సరిపోయింది.

అయ్యా, మా కందుకూరు వైపు దర్జీకి చేతివాటం బాగుందంటే కుట్టు బాగుందని. మీరు కెమెరా పట్టుకున్నప్పుడు చెయ్యి కొంచెం వణికింది, బొటనవేలు అద్దానికి అడ్డం వచ్చింది. నేను చూసింది అంతే. మా బీరువాలో ఏమీ పోలేదు. పోయినా మిమ్మల్ని అనుకోను.

నా దగ్గరే కొనమని రాయడం లేదు. కానీ ఎక్కడ కొన్నా పెట్టె మీ కళ్ళముందు విప్పించండి. పెట్టె మీది నంబరూ కెమెరా అడుగున ఉన్న నంబరూ ఒకటేనా చూసుకోండి. గ్యారంటీ కార్డు మీద కంపెనీ వారి మన దేశపు చిరునామా ఉండాలి, కొట్టు ముద్ర ఉండాలి. బయటి దేశాల కోసం చేసిన సరుకు దొంగదారిన తెచ్చి అమ్మేవాళ్ళున్నారు. అది పాడైతే ఎవరూ బాగు చేయరు. బిల్లు ఇవ్వనంటే మారు మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

మీ మేలు కోరే,
సదాశివరావు

తా.క.: లస్సీ ఇస్తే తాగండి. తాగినంత మాత్రాన కొనాలని లేదు.


ఆర్.కె.పురం
5 అక్టోబరు 2006

కొట్టు యజమానికి,

మీ ఉత్తరం మూడో తారీఖున అందింది. కెమెరా నేను ముప్పయ్యో తారీఖున ఆ లస్సీ కొట్లో కొన్నాను. మధ్యలో ఆదివారం, దసరా, గాంధీ జయంతి. తపాలా శాఖకి సెలవులుంటాయి, మోసగాళ్ళకి ఉండవు.

ఇంటికొచ్చి తెరిస్తే తెర మీద అక్షరాలు జపాను వాళ్ళవో, చీనా వాళ్ళవో. ఏది దేనికో తెలియక ఒక బొమ్మ మీద నొక్కాను. అప్పటిదాకా తీసిన ఫోటోలన్నీ చెరిగిపోయాయి. మర్నాటికి దాని ముక్కు, అదే లెన్సు, బయటికి వచ్చింది, మళ్ళీ లోపలికి పోలేదు. కంపెనీ వాళ్ళ రిపేరు సెంటరుకి తీసుకెళ్తే అక్కడి అమ్మాయి పెట్టె చూసి, కెమెరా చూసి, "అంకుల్, రెండు నంబర్లూ వేరు. ఇది ఇండియాలో అమ్మే పీసే కాదు" అంది. కొట్టుకి పరిగెత్తాను. ఆ యజమాని అదే నవ్వుతో, "కౌన్ సా కెమెరా, సాబ్? బిల్ దిఖాయియే" అన్నాడు. బిల్లు చూపించాలట. ఈసారి లస్సీ లేదు.

నా కోపం అతని మీద కాదు. అతను మోసగాడు, మోసం చేశాడు. మీరు మంచివారు కదా, మీరేం చేశారు? ఈ నంబర్ల సంగతి, కార్డు సంగతి మీకు సెప్టెంబరు తొమ్మిదిననే తెలుసు. నన్ను చెయ్యి పట్టుకుని ఆపి, స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పాల్సింది. చెప్పకుండా గుమ్మం దాటనిచ్చారు. బిల్లు లేకుండా వస్తువు దాటనివ్వరు గానీ మనిషిని దాటనిస్తారన్నమాట.

ఇట్లు,
మోసపోయిన,
బసవపున్నయ్య

తా.క.: చెరిగిపోయిన వాటిలో అత్తగారివి పద్నాలుగు. పదమూడింట్లో కొంగు, ఒకదానిలో నా బొటనవేలు. అయినా నష్టం నష్టమే.


ఓల్డ్ రాజిందర్ నగర్
8 అక్టోబరు 2006

బసవపున్నయ్య గారికి,

నమస్కారం. మీ ఉత్తరం మా ఇంట్లో చూపిస్తే, "ఇంత అన్నాక ఇంకా జవాబెందుకు" అంది నా భార్య. కొట్టు తెరుచుకుని కూర్చున్నాక అడిగినవాళ్ళకి చెప్పకపోతే ఎలాగని రాస్తున్నాను.

నాకూ ఒళ్ళు మండుతోంది, మీ మీద కాదు. ఇరవై రెండేళ్ళుగా నేను బిల్లు రాసి అమ్ముతున్న వీధిలోనే అతనూ అమ్ముతున్నాడు. మీరు పేరు రాయకపోయినా లస్సీని బట్టే పోల్చుకున్నాను. శనివారం రండి. నేను కొట్టు మూసి మీతో వస్తాను. ఇద్దరం వెళ్ళి అడుగుదాం. మార్కెట్ సంఘంలో నాకు తెలిసినవాళ్ళున్నారు.

వీలైతే జానకమ్మ గారినీ తీసుకురండి. ఆవిడ ముఖం ఒక్కసారి చూస్తే ఏం చేయాలో నాకు తెలుస్తుంది.

మీ,
సదాశివరావు

తా.క.: కెమెరా ముక్కుని బలవంతంగా లోపలికి నెట్టకండి.


ఆర్.కె.పురం
12 అక్టోబరు 2006

రెండో ప్రతివాదికి,

ఈ సంబోధన ఎందుకో కింద తెలుస్తుంది.

ఎనభై నాలుగేళ్ళ మనిషిని, కంటికి ఆపరేషనైన మనిషిని, బజారుకీడ్చి సాక్ష్యం చెప్పించాలని చూస్తున్నారు. నా మాట నమ్మరు, ఆవిడ ముఖం చూసి తేల్చుకుంటారట. ఇది మా కుటుంబానికి జరిగిన అవమానం. శనివారం నేను రాను. ఎవరూ రారు.

వినియోగదారుల ఫోరంలో వేయడానికి ఫిర్యాదు తయారు చేస్తున్నాను. మోసం చేసినందుకు అతను మొదటి ప్రతివాది. మోసమని తెలిసీ ఆపనందుకు మీరు రెండో ప్రతివాది. ఇప్పటికి పదకొండు పేజీలైంది. అందులో అతనికి రెండు, మీకు తొమ్మిది. అతను నాకేమీ రాసి ఇవ్వలేదు. మీవి మూడు ఉత్తరాలున్నాయి, కాబట్టి సాక్ష్యం మీ మీదే ఎక్కువ.

ఇట్లు,
ఇక మీకు ఉత్తరం రాయని,
బసవపున్నయ్య

తా.క.: ముక్కు నెట్టాను. మీ ఉత్తరం చేరేసరికే విరిగింది.

ఇంకో తా.క.: అత్తగారికి పద్దెనిమిదిన తిరుగు రైలు. ఫోటో లేదు. మా ఆవిడ నాతో మాట్లాడి మూడు రోజులైంది. తల్లీకూతుళ్ళు మీ ఉత్తరాలు ముందేసుకుని ఏదో చెప్పుకుంటారు, నేను వస్తే ఆపేస్తారు. మీ ఉత్తరాలు కనబడటం లేదు. ఫిర్యాదుకి కావాలి.


ఓల్డ్ రాజిందర్ నగర్
18 అక్టోబరు 2006

అయ్యా బసవపున్నయ్య గారూ,

ఈ ఉత్తరం ఇవాళ్టిదాకా డబ్బాలో వేయకూడదని నాకు జానకమ్మ గారి ఆజ్ఞ. మీకు అందేసరికి ఆవిడ రేపల్లె చేరిపోతారు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం, మీరు ఆఫీసులో ఉన్న వేళ, మా కొట్టు ముందు ఆటో ఆగింది. మీ శ్రీమతిగారు చెయ్యి పట్టుకుని దింపగా, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న పెద్దావిడ లోపలికి వచ్చారు. చేతిసంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. నేను మీకు రాసిన మూడు ఉత్తరాలు.

"ఇవి రాసింది నువ్వేనా నాయనా" అన్నారు.

"నేనేనమ్మా. ఏదైనా తప్పు రాసుంటే" అనబోయాను.

"ఆపరేషన్‌కి ముందు అమ్మాయి చదివితే విన్నాను. కంటి చూపొచ్చాక నా అంతట నేను చదివిన మొదటి ఉత్తరం నీది. మా అల్లుడు మంచివాడే, నోరే కొంచెం దురుసు. నెల రోజులు అలా రాస్తే ఎవరైనా జవాబు మానేస్తారు, లేదంటే తిరగబడతారు. నువ్వు ప్రతిదానికీ కుదురుగా జవాబు రాశావు. పైసా పుచ్చుకోకుండానే ఇన్ని జవాబులిచ్చినవాడివి, పుచ్చుకున్నాక ముఖం చాటేస్తావా? ఆ చిన్న కెమెరా తియ్యి."

పది నిమిషాల్లో బేరం ముగిసింది. బిల్లూ గ్యారంటీ కార్డూ జానకమ్మ గారి పేరు మీదే రాశాను. పెట్టె విప్పి నంబర్లు చూపిస్తే, కొత్త కంటితో రెండుసార్లు చదివి సరిచూసుకున్నారు.

అమ్మేముందు కెమెరా పనిచేస్తుందని ఒక ఫోటో తీసి చూపించడం మా కొట్టు పద్ధతి. నేను కెమెరాని గోడ వైపు తిప్పి పెట్టుకుంటుంటే, ఆవిడ ఆ గోడ మీది కుర్రాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు వరసగా చూసి, నా వైపు తిరిగి, "వీళ్ళంతా ఎందుకురా ఇలా బిక్కమొహాలేసుకుని ఉన్నారు" అన్నారు.

"కలెక్టరు పరీక్షకి చదువుతున్నారమ్మా" అన్నాను.

ఆవిడ పెద్దగా నవ్వారు. నా వేలు నొక్కేసింది. అడక్కుండా తీశాను, తప్పే. కెమెరా వెనక తెర చూపించి, వద్దంటే తీసేస్తానని చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది నేనే" అన్నారు. మీ శ్రీమతిగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఫోటో పెద్దది చేసి దీనితో పంపుతున్నాను.

తరువాత ఆవిడ కెమెరా తన చేతికిమ్మని, ఎక్కడ నొక్కాలో అడిగి, నన్ను నిలబెట్టి తీశారు. ఇన్నేళ్ళుగా ఈ కొట్లో ఎంతమందిని కూర్చోబెట్టానో, ఎంతమందిని గడ్డం ఎత్తమన్నానో. నా ఫోటో ఒక్కటీ లేదని ఆ రోజే గమనించాను. కొంచెం వంకరగా వచ్చింది. అలాగే గోడకి పెట్టుకున్నాను.

కెమెరా ఆవిడతో రేపల్లె వెళుతోంది. మీకిమ్మని నేను రెండుసార్లు చెప్పి చూశాను. "అతను కావాలంటే ఇక్కడికే వచ్చి కొనుక్కుంటాడులే, దారి తెలుసుగా" అన్నారు.

శనివారం మీరు రాలేదు కాబట్టి నేనొక్కణ్ణే ఆ కొట్టుకి వెళ్ళాను. మీరు కొన్నారనడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. అతను నాకూ లస్సీ తెప్పించాడు. తాగలేదు. మార్కెట్ సంఘానికి రాసిచ్చాను. మీ ఫిర్యాదులో మొదటి ప్రతివాదికి కూడా తొమ్మిది పేజీలు కేటాయించండి. నేను సాక్ష్యం చెబుతాను.

ఎప్పటికీ జవాబు రాసే,
సదాశివరావు

తా.క.: నిన్న మీ శ్రీమతిగారు ప్రింట్లు వేయించడానికి వచ్చారు. నాలుగు రోజుల్లో జానకమ్మ గారు మొత్తం నలభై ఫోటోలు తీశారు. ముప్పై ఒకటి మీవే. ఫ్లాష్ వెలగకుండా తీయడం నేనే నేర్పాను, అందుకే మీకు తెలిసుండదు. మీరు పళ్ళు నూరుతూ నా మీద ఫిర్యాదు రాస్తున్నది చాలా స్పష్టంగా వచ్చింది, అక్షరాలు కూడా చదవొచ్చు. ఫోరంలో దాఖలు చేయడానికి ఒక కాపీ చాలదేమోనని రెండు వేసి పంపుతున్నాను.