బాల్కనీ కడ్డీలు

సూరత్, ఆదివారం రాత్రి

రేపు కడోదరా సైట్‌లో బాల్కనీలకు కాంక్రీటు పోస్తాం. సంతోషించాల్సిన రాత్రే కానీ మనసు బాగాలేదు.

నిన్న మధ్యాహ్నం మారిన డ్రాయింగ్ వచ్చింది. బాల్కనీ ఇంకాస్త బయటికి జరిగింది. నేను మళ్లీ లెక్కగట్టి చూస్తే, స్లాబులో అప్పటికే కట్టిన ఇనుప కడ్డీలు గది వైపు చాలినంత లోపలికి వెళ్లడం లేదు. అలాగే వదిలేస్తే ఏదో ఒక రోజు బాల్కనీ మనుషులతో సహా కూలిపోతుంది.

"అతుకేస్తే నడ్వదా సార్?" అన్నాడు కడ్డీలు కట్టే మేస్త్రీ నర్సయ్య. సాయంత్రం రైలుకి సంచి సర్దుకుని ఉన్నాడు. ఈరోజు కరీంనగర్‌లో ఆయన కూతురి నిశ్చితార్థం.

"బరువంతా అక్కడే పడుతుంది నర్సయ్యా, అతుకు పనికిరాదు. అన్నీ విప్పి కొత్తవి కోయాలి."

ఆయన కాసేపు కడ్డీల వంక చూసి, "నేను పోతే మా పనోళ్లు ఆగమైతరు సార్. ఉంటా తీయుండ్రి," అన్నాడు.

'మీరు వెళ్లండి, నేను దగ్గరుండి చూసుకుంటాను' అనే మాట నా నోటిదాకా వచ్చింది. పని ఆగిపోతుందేమోనన్న భయంతో అనలేదు. ఆయన లేకపోయినా జరిగేదేమో. ఇప్పుడెలా తెలుస్తుంది...

ఈ సాయంత్రం ఆయన ఆ బాల్కనీ దగ్గరే నిలబడి ఫోన్‌లో నిశ్చితార్థం చూశాడు. "నవ్వు నాయినా జర," అంటోంది కూతురు. నవ్వాడు. ఫోన్ పెట్టేశాక తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "సార్, జర కొలిచి చూడుండ్రి, సరిపోయిందా?" అన్నాడు.

టేపు పెట్టి కొలిచాను. పొడవు సరిపోయింది.  తల ఊపాను.