ఐదుగురి ఫోన్లలో నా చక్కెర

ఆసుపత్రి పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా చేతికి అంటించిన చక్కెర బిళ్ల చూపే అంకెలు ఇకపై నా ఒక్కడి ఫోనుకే వచ్చునట్లు ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

మనవి చేయునది ఏమనగా, నేను ఇరవై మూడేళ్లవాడను, దర్జీ దుకాణంలో కటింగ్ పని చేయుచున్నాను. పదిహేనో ఏట చక్కెర వ్యాధి బయటపడినది. నాటి నుండి రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్. తమ ఆసుపత్రి వారు దయతో ఇచ్చిన, రక్తంలో చక్కెర కొలిచే ఈ బిళ్ల, ఐదు నిమిషాలకొకసారి నా అంకెను నా ఫోను ద్వారా ఊళ్లో ఉన్న అమ్మ, నాన్న, అక్క, బావ, మేనమామల ఫోన్లకు చేరవేయుచున్నది.

1. అంకె నూట ఎనభై దాటిన తక్షణం అమ్మ ఫోను: "ఏం తిన్నావు నాన్నా?" తినకపోయినా, కోపం వచ్చినా, గుండె దడదడలాడినా చక్కెర పెరుగునని తమకు తెలియనిది కాదు. రెండు నెలల క్రితం ఒకమ్మాయి ఎదుట కూర్చుని టీ తాగుచుండగా నూట తొంభై అయినది. వెంటనే మామయ్య: "ఎక్కడున్నావురా?"

2. మనసు బాగోలేదని తమ డాక్టరమ్మ గారికి విన్నవించితిని. "అంకెలు బాగుంటే మనసూ బాగుంటుంది" అన్నారు. అయ్యా, నాకు ఏడుపొస్తోంది. ఏడిస్తే కూడా చక్కెర పెరుగుతుంది.

3. ఆ ఐదు నంబర్లు తొలగించమని తమ గుమాస్తా గారిని మూడు పర్యాయములు ప్రాధేయపడితిని.

"గార్డియన్ సంతకం కావాలి బాబూ."

"నాకు ఇరవై మూడేళ్లండీ."

"ఫైల్లో నీకింకా పదిహేనే."

సంతకం అడగ్గా నాన్న "నీ మంచికేగా" అని పెట్టలేదు.

4. దిక్కుతోచక ఒక తప్పు చేసితిని. గత నెల కొత్త బిళ్లను నా చేతికి గాక, నా గదిలోనే ఉంటూ నా పక్కనే బొత్తాలు కుట్టే మిత్రుని చేతికి అంటించి, ఫోను వాడి జేబులో పెట్టితిని. అంకెలన్నీ తొంభై, నూట పది. ఎనిమిదేళ్లలో మొదటిసారి అమ్మ కంటినిండా నిద్రపోయిందట. నేను బట్టల తానుల వెనుక వేలు గుచ్చి చూసుకుంటున్నాను. ఎవరూ అడగరు గనుక భయపడకుండా చూస్తున్నాను, ఎక్కువుంటే ఇన్సులిన్ వేసుకుని మళ్లీ కత్తెర పడుతున్నాను. ఇది మోసమేనని తెలుసు. మానేస్తే అమ్మకు మళ్లీ నిద్ర ఉండదు.

కావున ఫైల్లో నా వయసు సరిదిద్ది, ఆ ఐదు ఫోన్లను తొలగించి, మనసు డాక్టరు గారి వద్దకు చీటీ ఇప్పించ ప్రార్థన. నా గోడు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
కటింగ్ పనివాడు

తా.క.: మొన్న రాసిన ఈ అర్జీని కవరులో పెడుతుండగా అమ్మ ఫోను చేసింది. నిన్నటి నుంచి ఇది ఆరోసారి. రెండు వందల డెబ్బై చూపిస్తోందట. అవి నా అంకెలు కావు. బిళ్ల పెట్టుకున్న మా వాడు పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, సీసాల కొద్దీ నీళ్లు తాగుతున్నాడు. వాడి వేలు గుచ్చి చూశాను. బిళ్ల చెప్పింది నిజమే.

"ఏంట్రా, పాడైందా?" అన్నాడు నవ్వుతూ.

రేపు పొద్దున్నే వాడిని తీసుకొస్తున్నాను. ముందు వాడిని చూడండి, నా అర్జీ తర్వాత. వాడి ఫారంలో ఇంట్లోవాళ్ల ఫోను నంబర్లు రాసేముందు మాత్రం ఒక్కసారి వాడిని అడగండి.