చివరి వరుస

ఆగస్టు 9, శనివారం
కళ్ళజోళ్ళ కొట్టు నుంచి

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను, నమ్మకు. ఆపరేషన్ కట్టు విప్పారని, ఎడమ కంటికి వెలుతురు తప్ప ఇంకేమీ తెలియడం లేదని ఆసుపత్రిలో నీ దగ్గరున్న మీ అత్త చెప్పింది. ఫోన్లో నాతో మాట్లాడనన్నావట. అందుకే ఇంత లావు అక్షరాలతో రాస్తున్నాను.

మీ లెక్కల మాస్టారు మన కొట్టుకి వచ్చారు. బోర్డు మీది మూడును నువ్వు ఎనిమిదిగా ఎక్కించుకుంటుంటే అశ్రద్ధ అనుకున్నానని తల పట్టుకున్నారు. నేనేమన్నా తక్కువ తిన్నానా! ముప్ఫై ఒక్క మార్కులు చూసి కళ్ళు నెత్తికెక్కాయని అరిచాను. ఆ ఫోన్ ముక్కుకి ఆనించుకుంటే చదువెలా వస్తుందన్నాను. కొనిచ్చిందెవరు? బడి నుంచి వచ్చి వెనక గదిలో గొడవ చెయ్యకుండా కూర్చుంటావని నేనే. రెండేళ్ళు నీ గొంతు వినపడలేదు. బుద్ధిమంతురాలివని మురిసిపోయాను.

కంటి వెనక పొర సాగి సాగి చిరిగిందని, ఆరు నెలల ముందే తీసుకొస్తే నిలిచేదని డాక్టరమ్మ అంది. ఆరు నెలల ముందంటే ఫిబ్రవరి. కళ్ళజోడు పడిందంటే ఫోన్ లాక్కుంటానని బెదిరించి నిన్ను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టిన నెల. చార్టు చివరి వరుస దాకా గుక్క తిప్పుకోకుండా చదివేశావు. కళ్ళజోళ్ళాయన కూతురంటే మాటలా అని కొట్టులో అందరూ నవ్వారు.

మొన్న ఒక పెద్దాయన ఆ కుర్చీలో కూర్చుని మూడో వరుస దగ్గర ఆగిపోయాడు. నాలుగోది వెనక గదిలోంచి నీ గొంతుతో వినపడింది. అటు తిరిగాను. లోపల ఎవరున్నారని ఆయన అడిగాడు. ఎవరూ లేరన్నాను. రోజూ వినపడుతోంది తల్లీ, అవే అక్షరాలు, గబగబా. మీ అమ్మకు చెప్పలేదు. భయమేస్తోంది.

కుడి కన్నైనా జాగ్రత్త.

నీ నాన్న

తా.క.: ఈ ముక్క మీ అత్త చేత పైకి చదివించుకో, తనకీ తెలియాలి. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని నువ్వు అక్షరాలు నేర్చుకున్న చార్టు కాదు ఆ రోజు గోడ మీద ఉన్నది. ముందురోజే మార్చాను. ఎదురుగా కొత్త అక్షరాలుంటే నువ్వు పాతవి అప్పజెప్పావు. జనం నీ గుక్క విన్నారు గాని గోడ చూడలేదు. నేను చూశాను. కళ్ళజోళ్ళాయన కూతురికే చూపు లేదంటారని, పరీక్షలయ్యాక చూద్దాంలే అని, శభాష్ అన్నాను.