గుమస్తా అను కుక్కకు నీళ్ళు పెట్టు బాధ్యత

దస్తావేజు లేఖరిగా ఇరవై ఆరేళ్ళు ఊరందరి చివరి కోరికలకు భాష సమకూర్చిన నేను, యాభై రెండేళ్ళ వయస్సున, ఎల్లుండి గుండె ఆపరేషను ఉన్నందున, మొదటిసారి నా కోసం వీలునామా వ్రాసుకొనుచున్నాను. బుద్ధి స్థిమితముగా ఉన్నది. గుండె మాత్రము కొంచెం మొరాయించుచున్నది. అది చట్టరీత్యా లోపము కాదు. ఎవరి బలవంతమూ లేదు. ఇప్పుడివన్నీ ఎందుకని తమ్ముడు విసుగుకొనుట బలవంతము క్రిందికి రాదు.

1. ఇంటిలో నా వాటా, బీరువా, రాతబల్ల తమ్మునికి చెందవలెను. నా గొడుగు పదేళ్ళుగా అతని స్వాధీనములోనే ఉన్నందున దానిని విడిగా వ్రాయుట లేదు.

2. నా వాలుకుర్చీ మరదలికి. నా బల్ల క్రింద తొమ్మిదేళ్ళు హాజరు తప్పనందున గుమస్తా అని పేరుపడిన నా కుక్క తనకు గిట్టదని ఆమె వాదన. అయినను భోజనాల వేళ ఆమె చేతిలోని ముద్ద రోజూ సరిగ్గా దాని ముందరే జారుచుండును. ఆ చేతికి విశ్రాంతి అవసరము.

3. నా తదనంతరము గుమస్తాను గోదాము కాపలాదారుకు ఇచ్చివేయవలెనని తమ్ముని ఆలోచన. ఆ ఆలోచనను ఇందుమూలముగా రద్దుపరచి, కుక్కను, దాని సొట్ట గిన్నెను, మెడపట్టీని తమ్ముని కుమార్తెకు, అనగా ఆరేళ్ళ పిడుగుకు, చెందజేయుచున్నాను. కారణము ఇది. కుక్కను చూచుకొనుట నేర్పుటకై ఆమె కోసం గోడకు ఒక నిబంధన అంటించితిని: "గుమస్తా తాగాకే నువ్వు తాగాలి." "పెట్టాకే" అని వ్రాయవలసినది. నా దస్తావేజులలో ఏ వకీలూ ఎన్నడూ తప్పు పట్టలేదు. మొన్న వేసవిలో ఒకనాడు పిడుగు పొద్దుటి నుంచి పాలు గానీ నీళ్ళు గానీ ముట్టలేదు. మొండితనమని తల్లి కసిరినది. నేనూ వంత పాడితిని. మధ్యాహ్నానికి పెదవులు ఎండిపోయినవి. గట్టిగా అడుగగా, "అది తాగలేదుగా పెద్దనాన్నా, నేనెలా తాగను?" అన్నది. చిగుళ్ళు వాచి గుమస్తా ముందురోజు నుంచే నీళ్ళు ముట్టలేదని ఆరు కళ్ళున్న పెద్దలము ముగ్గురమూ అప్పుడు చూచితిమి. దానికి పన్ను తీయించి, నా మాట నేను దిద్దుకొంటిని: "ముందు దానికి పెట్టు. తాగకపోతే మాకు చెప్పు. నువ్వు మాత్రం తాగు."

4. నీళ్ళు పెట్టుట, దువ్వుట, అది తినునప్పుడు కదిలించకుండుట పిడుగు పని. స్నానము, వైద్యము, వీధిలోకి తీసికొనిపోవుట తమ్ముని పని. పిడుగు ఏదైనా మరచినచో గుర్తు చేయవలెనే గాని, కుక్కను ఇచ్చివేతుమని బెదిరించరాదు. గొడుగు తిరిగి ఇచ్చుట పదేళ్ళుగా మరచిన తమ్ముని మేము ఎవరికీ ఇచ్చివేయలేదు.

5. నేను ఇంటికి తిరిగి వచ్చినచో మొదటి రెండు షరతులు చెల్లవు. తక్కినవి చెల్లును. చట్టము ఇందుకు ఒప్పదని నాకు తెలియును. కుక్క పిడుగుదే, నేను చూచి పోవువాడను.

6. ఇంతవరకు ఇంటివారికి చదివి వినిపించితిని. ఆస్తి పొందువారు సాక్షి సంతకము చేయరాదన్నందుకు పిడుగు అలిగి, పిమ్మట ఒక ప్రశ్న వేసినది: "నువ్వు కనబడక అది గుమ్మం దగ్గరే కూర్చుంటే?" అందుకై ఈ షరతు చేర్చుచున్నాను. అట్టి సందర్భమున పిడుగు దాని పక్కన కూర్చోవలెను. ఇద్దరికీ మంచినీళ్ళు తమ్ముడు తేవలెను.

నవంబరు పదకొండు, ఉదయము పదిన్నర.

(సంతకము) దస్తావేజు లేఖరి

సాక్షులు:
గుమస్తా పన్ను తీసిన పశువైద్యురాలు
వీధి చివరి దర్జీ